గోదావరి ఎండల్లో సైలెంట్ పీసీ: చప్పుడు తగ్గాలంటే ముందు వేడి తగ్గాలి

సైలెంట్ పీసీ బిల్డ్ అని యూట్యూబ్‌లో కొట్టి చూడండి. చాలా వీడియోల్లో ఒకటే ఫార్ములా ఉంటుంది. లోపల ఫోమ్ అంటించి, ముందు భాగం తలుపులా మూసుకునే కేస్ కొనాలి, ఖరీదైన ఫ్యాన్లు బిగించాలి, అంతే. గది 20 డిగ్రీల దగ్గర ఉండే దేశాల్లో అది బాగానే పని చేస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే మన వైపు, ఏసీ లేని గదిలో అదే కేస్ పెడితే లోపల వేడి తిరిగి తిరిగి ఫ్యాన్లు ఫుల్ స్పీడ్ అందుకుంటాయి. సైలెంట్ కేస్‌లోంచే హోరు మొదలవుతుంది. అందుకే ఈ లెసన్‌లో మనం వేరే రూట్‌లో వెళ్దాం. ముందు వేడి తగ్గిద్దాం, ఫ్యాన్లు వాటంతటవే నెమ్మదిస్తాయి.

నా విషయంలో ఇది కొంచెం సీరియస్ మేటర్. నాది ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ జాబ్, క్లయింట్ అమెరికాలో ఉంటాడు. కాల్స్, బిల్డ్స్ అన్నీ రాత్రి పదింటి తర్వాతే. రాజమండ్రిలో మా ఇంట్లో గదులు రెండే. నా టేబుల్‌కి ఏడెనిమిది అడుగుల దూరంలో అమ్మానాన్న పడుకుంటారు. నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచి టిఫిన్ హోటల్ తెరవాలి. కోడ్ కంపైల్ మొదలైన ప్రతిసారీ పీసీ అరిచేది. "గదిలో రైస్ మిల్లు పెట్టావేంట్రా" అని అమ్మ నవ్వుతూనే అనేది గానీ, నాన్నకి నిద్ర చాలట్లేదని మా ముగ్గురికీ తెలుసు. ఇక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో హాస్టల్ వెతుక్కోవడమే మిగిలింది.

పీసీ మా బావ వాడి నాకిచ్చింది. ఏఎండీ రైజెన్ 5 5600, దాంతో పాటు వచ్చిన చిన్న రెయిత్ స్టెల్త్ కూలర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, ముందంతా గ్లాస్ ఉన్న కేస్, ఒక పాత హార్డ్ డిస్క్. మీ పార్టులు వేరైనా లెక్క మాత్రం ఇదే.

మన దగ్గర లెక్క ఎందుకు మారుతుంది

ప్రాసెసర్ టెంపరేచర్ అంటే గది టెంపరేచర్ ప్లస్ లోడ్ వల్ల పెరిగేది. కూలర్, ఫ్యాన్ స్పీడ్, వాట్లు మారకపోతే ఆ పెరుగుదల దాదాపు ఒకేలా ఉంటుంది. 50 డిగ్రీలు పెరుగుతుందనుకుందాం. 20 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 70 దగ్గర ఆగుతుంది. 38 డిగ్రీల గదిలో అదే 88. రైజెన్ 5 5600కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ పరిమితి 90. అంటే విదేశీ రివ్యూలో "చల్లగా, నిశ్శబ్దంగా" అనిపించుకున్న సెటప్ మన మే నెలలో అంచు మీద నడుస్తుంది. ఫ్యాన్ అరవక ఏం చేస్తుంది?

కాబట్టి ఏ రివ్యూ చూసినా వాళ్ల గది టెంపరేచర్ ఎంతో ముందు చూడండి. మంచి రివ్యూల్లో అది రాస్తారు. మన గదికీ వాళ్ల గదికీ ఉన్న తేడాని వాళ్ల రిజల్ట్‌కి కలుపుకోండి.

డెసిబెల్ గురించి మూడు ముక్కలు

ఒకటి: ఒకేలాంటి ఫ్యాన్ ఇంకొకటి కలిపితే శబ్దం రెట్టింపు అనిపించదు, 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. రెండు: చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. మూడు: ఫ్యాన్ స్పీడ్ సగానికి తగ్గిస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం సగమే తగ్గుతుంది.

ఈ మూడూ కలిపి చూడండి. 1200 ఆర్‌పీఎంలో తిరిగే ఒక ఫ్యాన్ బదులు 600లో తిరిగే రెండు ఫ్యాన్లు పెడితే గాలి దాదాపు అంతే వస్తుంది, శబ్దం మాత్రం 12 డెసిబెల్స్ తక్కువ. కేస్‌లో అడ్డంకుల వల్ల అచ్చంగా ఇదే అంకె రాకపోవచ్చు గానీ దిశ మాత్రం మారదు. ఎక్కువ ఫ్యాన్లు ఉంటే ఎక్కువ గోల అనే మాట అందుకే తప్పు. పెద్ద ఫ్యాన్లు, ఎక్కువ ఫ్యాన్లు, తక్కువ స్పీడ్. సైలెంట్ పీసీకి గుండెకాయ ఇదే.

ముందు దొంగని పట్టుకోండి

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఏది మోగుతోందో తెలియాలి. న్యూస్‌పేపర్‌ని గొట్టంలా చుట్టి ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర కేస్‌కి కాస్త దూరంగా పెట్టి వినండి. కూలర్, గ్రాఫిక్స్ కార్డ్, పవర్ సప్లై, హార్డ్ డిస్క్ దేని గొంతు దానిదే. తర్వాత బయోస్‌లో ఒక్కో ఫ్యాన్ స్పీడ్ తగ్గించి చూడండి. తిరిగే ఫ్యాన్‌లో వేలు మాత్రం పెట్టొద్దు.

ఫోన్‌లో ఫైఫాక్స్ యాప్ వేసుకోండి. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఫ్రీ యాప్ అది. క్యాలిబ్రేట్ చేయని ఫోన్ మైక్ చెప్పే డెసిబెల్ అంకెని అసలు విలువగా తీసుకోకూడదు. కానీ అదే ఫోన్, అదే చోటు అయితే ముందుకీ తర్వాతకీ తేడా తెలుస్తుంది. నేను కొలిచింది కేస్ పక్కన కాదు, నాన్న దిండు దగ్గర. నిద్ర చెడేది అక్కడే కదా.

మా పీసీలో మొదటి దొంగ చిన్న కూలర్. రెండోది హార్డ్ డిస్క్. 7200 ఆర్‌పీఎం అంటే సెకనుకి 120 తిరుగుళ్లు, ఆ వణుకు కేస్ రేకుకీ, అక్కడి నుంచి టేబుల్‌కీ ఎక్కి సన్నటి రొదగా మారుతుంది. డేటాని ఎస్‌ఎస్‌డీలోకి మార్చి, హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీ బాక్స్‌లో పెట్టి బ్యాకప్ రోజున మాత్రమే తీస్తున్నా. ఆ రొద మొత్తం మాయం.

స్టెప్ 1: వాట్లు కోయండి (ఖర్చు సున్నా)

చిప్ తినే పవర్ వోల్టేజ్ స్క్వేర్‌ని బట్టి పెరుగుతుంది. అదే స్పీడ్ దగ్గర 1.2 వోల్టుల నుంచి 1.1కి దిగితే పవర్ సుమారు 16 శాతం తగ్గుతుంది. రైజెన్‌లో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ ఉంది. అన్ని కోర్లకీ నెగటివ్ 10తో మొదలుపెట్టి, ఓసీసీటీ లాంటి టెస్ట్ గంట నడిపి, ఎర్రర్ రాకపోతేనే ఇంకో ఐదు తగ్గించండి. తర్వాత పవర్ లిమిట్. 5600కి డీఫాల్ట్ 76 వాట్లు, నేను 60కి కట్టేశాను. మా ప్రాజెక్ట్ ఫుల్ బిల్డ్‌కి ఇరవై సెకన్లు ఎక్కువ పడుతోంది. రాత్రి రెండింటికి ఆ ఇరవై సెకన్లు ఎవరికి కావాలి?

ఇంటెల్ వాళ్లు బాక్స్ మీద అంకె చూసి ఆగిపోకండి. కోర్ ఐ5 12400 బేస్ పవర్ 65 వాట్లే అయినా టర్బోలో 117 దాకా వెళ్లగలదు. బయోస్‌లో ఆ రెండో లిమిట్‌ని కిందికి దించండి.

గ్రాఫిక్స్ కార్డ్‌కి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 75, 80 శాతం దగ్గర పెట్టి చూడండి. మానిటర్ 60 హెర్ట్జ్ అయితే గేమ్‌లో ఫ్రేమ్‌లు కూడా 60కే ఆపండి. స్క్రీన్ చూపించలేని ఫ్రేమ్‌ల కోసం గది వేడెక్కించడం దండగ. కొత్త కార్డ్ కొనేవాళ్లు వాట్లు చూసి కొనండి. ఆర్‌టీఎక్స్ 3060 రేటింగ్ 170 వాట్లు, దానికంటే కాస్త ఫాస్ట్‌గా ఉండే 4060 రేటింగ్ 115. కేస్‌లో 55 వాట్ల వేడి పుట్టకుండానే పోయినట్టు.

స్టెప్ 2: గాలికి దారి ఇవ్వండి

కేస్‌లో మొత్తం 250 వాట్ల వేడి ఉంది, లోపలి గాలి బయటి కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు అనుకుంటే సెకనుకి దాదాపు 21 లీటర్ల గాలి మారాలి. ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్ గుర్తు తెచ్చుకోండి, అంత గాలి ప్రతి సెకనూ వచ్చి పోవాలి. ముందు గ్లాస్ అడ్డుంటే ఎలా వస్తుంది?

అందుకే మనకి మెష్ ఫ్రంట్ కేస్ కావాలి. కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో, ముందు రెండు 160 మిల్లీమీటర్ల ఫ్యాన్లతో వచ్చే లియాన్ లీ ల్యాన్‌కూల్ 216 ఈ టైపే. బడ్జెట్ లేకపోతే నాలాగా చేయొచ్చు. ముందు గ్లాస్ ప్యానెల్ తీసేసి, కిటికీలకి కొట్టే నైలాన్ దోమల మెష్‌ని ఫ్రేమ్‌కి బిగించాను.

ఫ్యాన్లు నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం రకమే తీసుకోండి, స్పీడ్ మన చేతిలో ఉంటుంది. ముందు రెండు 120 మిల్లీమీటర్ల ఆర్కిటిక్ పీ12లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టాను. నాక్టువా ఇంకా బాగుంటాయి గానీ ఆ డబ్బు కూలర్ మీద పెడితే లాభం ఎక్కువ. చిన్న కూలర్ తీసేసి, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న డీప్‌కూల్ ఏకే400 బిగించాను. నా బడ్జెట్‌లో తేడా బాగా వినిపించిన కొనుగోలు అదే.

పీసీని గోడ మూలకి నెట్టొద్దు, వెనక జానెడు ఖాళీ ఉండాలి. కింద రబ్బర్ షీట్ ముక్కలు వేస్తే వణుకు టేబుల్‌కి ఎక్కదు. కొబ్బరి పీచు పట్టా మాత్రం వద్దు, పొట్టు రాలి ఫ్యాన్లలోకే పోతుంది. ఎయిర్ కూలర్ తడిగాలి నేరుగా పీసీ మీదకి రానివ్వకండి.

స్టెప్ 3: ఎండాకాలానికి ఒక కర్వ్, చలికాలానికి ఒకటి

స్థిరంగా ఉండే శబ్దానికి చెవి అలవాటు పడుతుంది. లేచి పడే శబ్దమే నిద్ర లేపుతుంది. రాత్రంతా సీలింగ్ ఫ్యాన్ తిరిగినా పడుకుంటాం, పక్కన ఎవరో స్విచ్ వేసి తీస్తుంటే మాత్రం లేస్తాం. పీసీ ఫ్యాన్ రెండు సెకన్ల లోడ్‌కే ఎగిరి మళ్లీ పడిపోతుంటే అలాగే ఉంటుంది.

విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో హిస్టెరిసిస్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని పెంచితే చిన్న చిన్న మార్పులకి ఫ్యాన్ స్పందించదు. లైనక్స్ వాళ్లకి ఎల్ఎం సెన్సర్స్‌తో ఫ్యాన్ సెన్సర్లు కనిపిస్తాయి, ఫ్యాన్‌కంట్రోల్ అనే పేరుతోనే వేరే స్క్రిప్ట్ ఉంది.

ఎండాకాలంలో సీలింగ్ ఫ్యాన్ ఎలాగూ ఐదు మీద తిరుగుతుంది. పీసీ శబ్దం దాని కింద దాగిపోతే చాలు. అందుకే వేసవి ప్రొఫైల్‌లో ఫ్యాన్లు కదలకుండా 900 దగ్గర, ప్రాసెసర్ 75 దాటాకే పైకి. సంక్రాంతి రోజుల్లో సీలింగ్ ఫ్యాన్ ఆపేస్తాం, ప్రతి చిన్న శబ్దమూ వినపడుతుంది. కానీ గది కూడా చల్లబడుతుంది కాబట్టి చలికాలం ప్రొఫైల్‌లో 500 చాలు. శివరాత్రికి ఒకటి, దీపావళికి ఇంకొకటి మార్చుకోండి, గుర్తుంటుంది.

ఈ స్టెప్ తర్వాత రాత్రి బిల్డ్ నడుస్తున్నా నాన్న అలారం మోగేదాకా లేవట్లేదు. హాస్టల్ మాట మా ఇంట్లో ఆగిపోయింది.

స్టెప్ 4: ఊక, పొట్టు, దుమ్ము

మండపేట, రామచంద్రపురం వైపు రైస్ మిల్లుల ఊక, అంబాజీపేట వైపు కొబ్బరి పొట్టు. డెల్టాలో దుమ్ముకి కొదవ లేదు. హీట్‌సింక్ రెక్కల మధ్య అది పేరుకుంటే గాలి ఆగి, ఫ్యాన్ స్పీడ్ మళ్లీ పెరుగుతుంది. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి పంపేవాటి కంటే కొంచెం ఎక్కువ గాలి తోసేలా చూస్తే, దుమ్ము సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ గుండానే రావాలి.

మెష్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. హీట్‌సింక్‌ని ఏడాదికి రెండుసార్లు క్లీన్ చేయండి. సార్వా కోతలయ్యాక భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, దాళ్వా కోతలయ్యాక ఎండలు ముదరక ముందు ఇంకోసారి. ప్లగ్ తీసేసి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పవర్ సప్లై సంగతి

ఇది కూడా వేడి పుట్టించేదే. 115 వోల్టుల 80 ప్లస్ టెస్ట్‌లో సగం లోడ్ దగ్గర బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం ఎఫిషియెన్సీ ఉండాలి. 250 వాట్లు ఇవ్వడానికి ఆ లెక్కన బ్రాంజ్ సుమారు 44 వాట్లు, గోల్డ్ 28 వాట్లు వేడిగా వదులుతాయి. తక్కువ లోడ్‌లో ఫ్యాన్ పూర్తిగా ఆగే జీరో ఆర్‌పీఎం మోడళ్లూ ఉన్నాయి. వాట్లు తగ్గిస్తే ఇంకో లాభం కూడా ఉంది. కరెంట్ పోయినప్పుడు అదే యూపీఎస్ మీద ఇంకాస్త ఎక్కువసేపు పని చేసుకోవచ్చు.

ఏ వరుసలో చేయాలి

ముందు కొలవండి. తర్వాత వాట్లు, ఫ్యాన్ కర్వ్, క్లీనింగ్. ఇవి మూడూ దాదాపు ఫ్రీ. అప్పటికీ చాలకపోతే కూలర్, ఆ తర్వాత ఫ్యాన్లు, మెష్ కేస్, ఆఖరున పవర్ సప్లై. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ప్రతి మార్పుకీ గది టెంపరేచర్, ప్రాసెసర్ టెంపరేచర్, ఫ్యాన్ ఆర్‌పీఎం పక్కపక్కన రాసుకోండి. జనవరిలో ట్యూన్ చేసిన పీసీని మే నెలలో మళ్లీ ఒకసారి టెస్ట్ చేయండి. మన దగ్గర అసలు పరీక్ష అప్పుడే.