ఐదవ కోరిక

నేటి ముంబయి నగరమును పూర్వము బొంబాయి యని పిలుచుచుండిరి. అచ్చట 1856లో ఆవిరియంత్రముతో నడచు మొదటి నూలుమిల్లు పని ప్రారంభించెను. పిదప కొలది దశాబ్దములలోనే పరేలు మొదలగు ప్రాంతములలో మిల్లుల పొగగొట్టములు తాటితోపువలె లేచి నిలిచెను. పంటలు పండని పల్లెలనుండియు, చేతివృత్తులు చెడిన గ్రామములనుండియు వేలకొలది జనులు పొట్ట చేతబట్టుకొని ఆ నగరము చేరిరి. వారిలో కొంకణ తీరమువారు పెక్కుమంది. తెలుగునాటినుండి వెడలిన కామాఠీలును, నేతపని యెఱిగిన పద్మశాలీలును కలరు. కామాఠీపుర మను పేట పేరు నేటికిని కామాఠీల వలసను గుర్తుచేయుచున్నది.

మిల్లులో పని సూర్యోదయముతో ఆరంభమై సూర్యాస్తమయముతో ముగియుచుండెను. వేసవిలో పగలు దీర్ఘము గనుక పనియు దీర్ఘమే. వారమున కొకనాడు విశ్రాంతి యను నియమము లేదు. జీతము ఏ తేదీన చేతికందునో యెవరును చెప్పజాలరు. ఈ కష్టములన్నియు ఒక యెత్తు, ప్రమాదములు మఱొక యెత్తు. పెద్ద ఆవిరియంత్రము తిరుగుచుండగా దాని బలము పైకప్పు క్రింద అమర్చిన ఇనుప ఇరుసులకును, వానినుండి తోలుపట్టీలద్వారా ఒక్కొక్క యంత్రమునకును చేరుచుండెను. పట్టీకి పంచెచెంగు చిక్కినను, పండ్లచక్రముల నడుమ వ్రేలు పడినను, ఆ యంత్రము దానంతట నది ఆగదు. గాలిలో దూదిపీచు నిండియుండుటచే ఊపిరి పీల్చుటయే కష్టము. నిప్పురవ్వ పడెనా, క్షణములో మంటలు వ్యాపించును.

చేయి పోయిన పనివాడు ఆనాటితో పనిని కూడ పోగొట్టుకొనుచుండెను. యజమాని దయగలవాడైనచో కొంత రొక్కము చేతబెట్టి యింటికి పంపును. లేనిచో అదియును లేదు. న్యాయస్థానమునకు పోవచ్చును గదా యని తోచవచ్చును. కాని అచ్చట తప్పు యజమానిదే యని గాయపడినవాడే ఋజువు చేయవలెను. ప్లీడరు నుంచుకొనుటకు ధనము లేదు. చూచినవారు తోడి పనివారే. సాక్ష్యము చెప్పినచో తమ పని యుండునో పోవునో యని వారికి భయము. కావున పేదవానికి ఆ ద్వారము ఉండియు లేనట్లే యయ్యెను.

1881లో ప్రభుత్వము దేశమున మొదటి ఫ్యాక్టరీల చట్టమును చేసెను. ఏడేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదనియు, అంతకు మించి పండ్రెండేండ్లలోపు వారిచే దినమునకు తొమ్మిది గంటలకన్న నెక్కువ పని చేయింపరాదనియు, అపాయకరములైన యంత్రభాగములకు అడ్డుకట్టలు అమర్చవలెననియు అది విధించెను. కాని పెద్దవారి పనిగంటలను గూర్చిగాని, గాయపడినవారి పోషణమును గూర్చిగాని అందు ఏర్పాటేదియు లేదు.

ఆ కాలమున శ్రామికుల పక్షమున నిలిచినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. ఆయన 1848లో జన్మించెను. కొంతకాలము ఒక మిల్లులో ఉద్యోగము చేసి పనివారి బ్రదుకును కన్నులార చూచెను. జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమున పనిచేసెను. 1880 మొదలు ‘దీనబంధు’ అను మరాఠీ పత్రికను నడిపి, అందు మిల్లు కార్మికుల కష్టములను ప్రకటించుచు వచ్చెను.

1884లో బొంబాయి ప్రభుత్వము ఫ్యాక్టరీల స్థితిగతులను విచారించుటకు ఒక కమిషనును నియమించెను. ఆ సెప్టెంబరులో లోఖండే కార్మికుల సభ జరిపి, వారి కోరికలను ఒక విన్నపముగా వ్రాయించెను. దానిపై 5,500 మంది చేవ్రాళ్లు చేసిరి. అందలి కోరికలు ఐదు. ఆదివారము పూర్తి విశ్రాంతి యీయవలెను. మధ్యాహ్నము అరగంట విరామముండవలెను. ఉదయము ఆఱున్నరకు పని మొదలిడి సూర్యాస్తమయమునకు ముగింపవలెను. నెల జీతము మఱుసటి నెల 15వ తేదీలోపల చెల్లింపవలెను. ఐదవది యిది: పనిలో తీవ్రముగా గాయపడినవానికి కోలుకొనువఱకు పూర్తి జీతమీయవలెను, అతడు జీవితాంతము అవిటివాడైనచో బ్రదుకుతెఱువు కల్పింపవలెను.

మొదటి నాలుగు కోరికలు కాలమునకును కూలికిని సంబంధించినవి. ఐదవది వేఱు. గాయపడినవానిపై జాలి చూపుమని అది వేడలేదు. ఎవరి పనిలో దేహము చెడెనో, ఆ దేహభారము వారిదే యని చెప్పినది. జాలి యజమాని మనస్సునుబట్టి యుండును. హక్కు అట్లు కాదు. ఈ భేదమును గ్రహించి కాగితముపై పెట్టుటయే ఆ విన్నపములోని గొప్పదనము.

లోఖండే పట్టు విడువలేదు. 1890 ఏప్రిలు 24న ఆయన జరిపిన సభకు సుమారు పదివేలమంది కార్మికులు వచ్చిరి. ఇద్దరు స్త్రీలు కూడ లేచి ప్రసంగించిరి. ఆ జూను 10న మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవును అంగీకరించెను. 1891 నాటి చట్టము వారపు సెలవును, మధ్యాహ్న విరామమును విధించెను. ఐదవ కోరిక మాత్రము నిలిచిపోయెను. 1897లో లోఖండే దానిని కన్నులార చూడకయే మరణించెను.

1920లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడినది. కార్మికుల గొంతు బలపడినది. తుదకు 1923లో పనివారల నష్టపరిహార చట్టము పుట్టి, 1924 జూలై 1న అమలులోనికి వచ్చెను. విన్నపము వ్రాసిన ముప్పదితొమ్మిదేండ్లకు ఫలము కలిగినది. ‘తప్పు ఎవరిది?’ అను ప్రశ్నకు బదులుగా ‘గాయము పనివలన, పనిలో నుండగా కలిగినదా?’ అను ప్రశ్నయే ముఖ్యమైనది. అవునన్నచో యజమాని పరిహార మీయవలసినదే. ఏ యవయవము పోయినచో సంపాదనశక్తి యెంత తగ్గునో చట్టము ఒక పట్టికగా చూపినది. అయితే మద్యము త్రాగియున్నందునగాని, రక్షణకై పెట్టిన సాధనమును బుద్ధిపూర్వకముగా తొలగించినందునగాని గాయము తెచ్చుకొన్నవానికి పరిహారము నిరాకరించుటకును అందు వీలుండెను.

1948లో కార్మిక రాజ్య బీమా చట్టము వచ్చెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆ పథకము మొదలయ్యెను. యజమానియు కార్మికుడును చెల్లించు చందాలతో వైద్యమును, పనిచేయలేని దినములకు భృతియును లభించుట దీని పద్ధతి. 1984లో భోపాలున విషవాయువు వేలమంది ప్రాణములను బలిగొన్న పిదప, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, తాము వాడు పదార్థములవలని అపాయమును తెలిసికొనుటకును, ముంచుకొనివచ్చు ప్రమాదమును గూర్చి హెచ్చరించుటకును కార్మికులకు హక్కు కల్పించిరి. ఈ పాత చట్టములను 2020 నాటి కొత్త స్మృతులలో చేర్చిరి. అవి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను.

హక్కు ఉన్నంతమాత్రమున చాలదు. దానిని పొందు మార్గము తెలియవలెను. గాయపడినవాడు మొదట వైద్యము చేయించుకొని, ప్రమాదము జరిగిన దినమును, వేళను, విధమును యజమానికి వ్రాతమూలకముగా తెలుపవలెను. దాని నకలును తనయొద్ద నుంచుకొనవలెను. వైద్యుడిచ్చిన పత్రమును, జీతపు చీటీలను భద్రపఱచవలెను. బీమా చందా చెల్లించువాడైనచో బీమా కార్యాలయమును, కానిచో కార్మికశాఖ కార్యాలయమును ఆలస్యము చేయక ఆశ్రయింపవలెను. కార్మిక సంఘము తోడు వచ్చును. ప్లీడరుకు ఈయ ధనము లేదని వెనుదీయ నక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము పారిశ్రామిక కార్మికునికి ఉచిత న్యాయసహాయమును కల్పించినది.

అయినను ఇటుకబట్టీలలోను, కట్టుచున్న మేడలపైనను, చిన్న చిన్న కర్మాగారములలోను తమ పేరు ఏ పుస్తకమునను లేకుండ పనిచేయువారు నేటికిని పెక్కుమంది కలరు. చదువను వ్రాయను రాని తండ్రికి, పొరుగువానికి ఒక అర్జీ వ్రాసిపెట్టుట బడిలో చదువుకొను బాలబాలికలకు సాధ్యమైన పనియే. నాడు బొంబాయి కార్మికులకు మేలు కలుగుటకు మొదలైనది ఐదు కోరికలు గల ఒక విన్నపపత్రమే గదా!