బిల్లు మీద ఆ ఒక్క వరుస రాయించుకోండి

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. మా స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనుప చక్రాలు తీయించి, విజయవాడలో 16 అంగుళాల అల్లాయ్‌లు, వెడల్పు టైర్లు వేయించాను. నెల తిరక్కుండానే స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుంటోంది. షాపుకి వెళ్తే ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అని బిల్లు వెనక అచ్చేసిన ముక్క చూపించారు. చలానా పడుతుందని ఒకరు, ఇన్సూరెన్స్ రాదని ఇంకొకరు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బిల్లు వెనక ముక్క చూసి తగ్గిపోవద్దు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. మీకింకా నెల నిండలేదు కాబట్టి ఈ రోజే సంగతంతా ఉత్తరంగా రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.

షాపువాళ్ల జవాబు ఏమిటో నేను ఊహించగలను. ‘టైరు బాగానే ఉంది, అల్లాయ్ బాగానే ఉంది, ఆ సైజు ఆయనే అడిగాడు’ అంటారు. కేసంతా ఇక్కడే తేలుతుంది. ఈ సైజు ఈ కారుకి సరిపోతుందని ఎవరు చెప్పారు? ‘అల్లాయ్ 4, టైర్లు 4’ అని మాత్రమే ఉన్న బిల్లుతో దాన్ని నిరూపించడం కష్టం. అదే బిల్లు మీద కారు మోడల్, తయారైన సంవత్సరం, చక్రం, టైరు సైజులు, వాటి కింద ‘ఈ కారుకి సరిపోతాయి’ అన్న ఒక్క వరుస ఉంటే అది షాపు ఇచ్చిన హామీ అవుతుంది. రేపు ఆ టైరు వల్ల ప్రమాదమే జరిగితే, సెక్షన్ 86 కింద తయారీదారుతో పాటు అమ్మినవారిని కూడా నిలదీయడానికి ఆ హామీ ఆధారం. బిగించడంలో, తనిఖీలో తగిన జాగ్రత్త తీసుకోకపోయినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. మీ బిల్లులో ఆ వరుస లేకపోతే, కొనే ముందు వాట్సాప్‌లో నడిచిన మాటలు, షాపువాళ్లు పంపిన ఫోటోలు, యూపీఐ చెల్లింపు వివరాలు దాచండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కారు చూపించి, టైరు ఎక్కడ రాసుకుంటోందో రాతపూర్వకంగా తీసుకోండి.

సైజు లెక్క మీరే వేసుకోవచ్చు. 165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. అదే స్విఫ్ట్ పై వేరియంట్లలో వచ్చిన 185/65 ఆర్15 కూడా దాదాపు 621. అందుకే రెండూ ఒకే కారుకి పడతాయి. 16 అంగుళాల్లో 195/55 వేసినా ఎత్తు 621 దగ్గరే ఆగుతుంది. 205/60 ఆర్16 వేస్తే మాత్రం 652. టైరు రాసుకోవడమే కాదు, మీటరు 80 చూపిస్తుంటే బండి 84 మీద పోతూ ఉంటుంది. టైరు మీద సైజు పక్కనుండే 85, 88 లాంటి అంకె ఒక్కో టైరు ఎంత బరువు మోస్తుందో చెబుతుంది: 85 అంటే 515 కిలోలు, 88 అంటే 560. కంపెనీ ఇచ్చినదాని కన్నా ఆ అంకె తగ్గకూడదు. చక్రం బోల్టు రంధ్రాల మధ్య దూరం, చక్రం లోపలికి బయటికి జరిగి ఉండే కొలత కూడా కుదరాలి. ఇవేవీ అడగకుండా డిజైన్ల పుస్తకం ముందు పెట్టే షాపులో కొనకండి.

ఇక చలానా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనం ‘మార్పు’ని నిర్వచించింది: నిర్మాణంలో మార్పు వల్ల వాహనం మౌలిక స్వరూపం మారిపోవాలి. 2019 జనవరి 9న కె.జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అదే మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజులో అల్లాయ్ వేయించడం ఈ నిర్వచనంలోకి రాదని నా అభిప్రాయం. టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి రావడం, వాటి కోసం బండి ఎత్తు పెంచడం అయితే నేను సమర్థించలేను.

ఇన్సూరెన్స్ విషయంలో అందరూ రెండింటిని కలిపేస్తున్నారు. మీ బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి చట్టం ఇచ్చిన కారణాలు చాలా తక్కువ; అల్లాయ్ చక్రం వాటిలో లేదు. మీ సొంత బండి మరమ్మతు క్లెయిమ్ దగ్గరే చిక్కు. చక్రాలు మార్చిన సంగతి ఈమెయిల్‌లో తెలిపి, పాలసీలో ఆ మార్పు నమోదు చేసే ఎండార్స్‌మెంట్ అడగండి. అల్లాయ్‌ల ధరకు కూడా బీమా కావాలంటే అది తప్పదు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

మన రోడ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. నల్లరేగడి మీద వేసిన రోడ్డు కుంగుతుంది, వానకి గుంటలు తేలుతుంది. పక్క గోడ పల్చగా ఉన్న టైరుతో గుంటలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా తేలిపోతుంది. గుడివాడ వైపైనా, నాగాయలంక వైపైనా ఎడమన కాలువ, కుడిన ట్రాక్టరు ఉండే గట్టు రోడ్ల మీద పట్టు తప్పితే సర్దుకునే జాగా ఉండదు. అందం కోసం వేసే చక్రం ఇంటిల్లిపాది ప్రాణాలకు తగినదై ఉండాలి. టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. నాలుగు అంకెల తేదీ కూడా చూడండి: 2323 అంటే 2023లో 23వ వారం తయారీ. కొత్త టైరు ధర తీసుకుని నాలుగేళ్ల పాత సరుకు అంటగడితే అడిగే హక్కు మీది.

షాపు దిగిరాకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కొన్నది విజయవాడలోనైనా, మీరు ఉండే చోటే వేసే వీలు సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మీరే వాదించుకోవచ్చు. వకీలు కావాలనుకుంటే, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా, మిగతావారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితికి లోబడి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100.

ఈలోగా పాత చక్రాలు ఇంట్లో ఉంటే వాటినే బిగించి నడపండి. రాసుకుపోయిన టైరును ఎవరికీ అమ్మకండి, మార్పిడికి ఇవ్వకండి. అరిగిన గీత కనిపించేలా ఫోటో తీసి, తేదీ రాసి, సంచిలో కట్టి ఉంచండి. కమిషన్ అడిగినప్పుడు బల్ల మీద పెట్టాల్సిన సాక్ష్యం అదే.