ముందు పది రోజుల హాజరు, తర్వాతే జిమ్ ఫీజు

కోకాపేటలో కొత్త ఫ్లాట్‌లోకి మారిన వారానికే జిమ్ వాళ్ల ఫోన్ వస్తుంది. ఏడాదికి ఒకేసారి కడితే పాతిక శాతం తగ్గింపు, ఆఫర్ ఈ రాత్రికే ఆఖరు అంటారు. అదే వారంలో ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు కూడా చేతికొచ్చి ఉంటే ఇంకేం ఆలోచించం, కార్డు గీకేస్తాం.

వ్యాయామం అవసరం లేదని అనడం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్టు తేలింది. రోజంతా కుర్చీలో కూర్చునే మనం ఒళ్లు వంచక తప్పదు. దానికి జిమ్ ఫీజు సరైన ఖర్చా కాదా అన్నదొక్కటే తేల్చుకోవాలి.

వెళ్లిన రోజుకు ఎంత పడింది?

ఫీజును నెలల లెక్కన చూడకండి, వెళ్లిన రోజుల లెక్కన చూడండి. ఉదాహరణకు మూడు నెలల ప్లాన్ 6,000 రూపాయలు, ఏడాది ప్లాన్ 18,000 అనుకుందాం. మూడు నెలలది నాలుగుసార్లు కడితే 24,000 అవుతుంది కాబట్టి ఏడాది ప్లాన్‌లో 6,000 మిగులుతుందని సేల్స్ వాళ్లు కాగితం మీద వేసి చూపిస్తారు. కానీ తొమ్మిది నెలలు వెళ్తే ఎలా కట్టినా అయ్యేది 18,000 రూపాయలే. పదో నెలలో కూడా మీరు జిమ్‌కి వెళ్తుంటేనే ఆ తగ్గింపు మీకు దక్కుతుంది.

రెండు నెలలు వెళ్లాక ప్రాజెక్టు రిలీజ్ మీద పడి మానేశారనుకోండి. వారానికి మూడు రోజుల చొప్పున 26 సార్లు వెళ్లినట్టు. ఏడాది ప్లాన్‌లో రోజుకు 692 రూపాయలు పడింది, మూడు నెలల ప్లాన్‌లో అయితే 231. ఏడాది మొత్తంలో 132 రోజులు వెళ్లగలిగితే అదే 18,000 రోజుకు 136కి దిగుతుంది. ఫీజు మారలేదు, హాజరు మారింది.

ఆరంభశూరత్వం మన ఒక్కరిదే కాదు. డెల్లా విన్యా, మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో 7,752 మంది జిమ్ సభ్యుల రికార్డులు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. ఒక్కోసారికి 17 డాలర్లకు పైగా పడింది. పదిసార్ల పాస్ కొనుక్కుని ఉంటే 10 డాలర్లతో పోయేది. ఫీజు కట్టేటప్పుడు మనకున్న ఉత్సాహం వేరు, రాత్రి పదిన్నరకు యూఎస్ కాల్ ముగించి లేచేటప్పటి ఒంటి పరిస్థితి వేరు. పొద్దున ఆరింటికి జిమ్‌కి వెళ్లాల్సింది ఆ అలసిన ఒళ్లే.

ఇప్పటికే కడుతున్నవి వాడుకోండి

ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో క్లబ్‌హౌస్ జిమ్ నడిపే ఖర్చు చాలాచోట్ల మెయింటెనెన్స్‌లోనే కలిసి ఉంటుంది. అద్దెకు ఉన్నా మెయింటెనెన్స్ కట్టేది మీరే అయితే, జిమ్ వాడుకునే వీలుందేమో అసోసియేషన్‌ని అడగండి. కొన్ని కంపెనీల్లో క్యాంపస్‌లోనే జిమ్ ఉంటుంది, కొన్ని వెల్‌నెస్ రీయింబర్స్‌మెంట్ ఇస్తాయి. హెచ్‌ఆర్ పాలసీ ఒకసారి తెరిచి చూడండి, బిల్లు ఎప్పటిలోగా పెట్టాలో కూడా చూసుకోండి.

ఆరుబయట అయితే, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరో పాయ వెళ్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని. మొదటి దానికి ట్రాక్, మెట్లు, నడక చాలు. రెండో దానికి బరువులు, నేర్పే మనిషి ఉంటే మేలు. జిమ్ అసలు ఉపయోగం ఇక్కడే. ట్రెడ్‌మిల్ మీద నడవడానికే అయితే ఆ డబ్బు దండగ.

నాలుగు వారాల పరీక్ష

జిమ్‌కి ఏ టైమ్‌లో వెళ్దామనుకుంటున్నారో అదే టైమ్‌లో, వారానికి మూడు రోజులు, నాలుగు వారాల పాటు డబ్బు ఖర్చులేని చోట వ్యాయామం చేయండి. క్లబ్‌హౌస్ అయినా, ట్రాక్ అయినా, ఇంట్లో చాప మీదైనా సరే. క్యాలెండర్‌లో ఆ గంట బ్లాక్ చేసి, వెళ్లిన రోజు టిక్ పెట్టండి. పన్నెండులో పది టిక్కులు పడితే జిమ్‌కి డబ్బు పెట్టవచ్చు. ఐదారుతో ఆగిపోతే లోపం మీ షెడ్యూల్‌లో ఉంది. దాన్ని ఏ జిమ్మూ సరిచేయలేదు. ముందు మీటింగ్ టైమ్ గురించి మేనేజర్‌తో మాట్లాడుకోవాలి.

జిమ్ ట్రయల్‌కి ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. పనిరోజున, మీరు రోజూ వెళ్లబోయే వేళకే వెళ్లండి. స్క్వాట్ ర్యాక్ దగ్గర ముగ్గురు వంతు కోసం నిలబడ్డారా, కేబుల్ మెషీన్‌కి ‘పనిచేయడం లేదు’ అన్న కాగితం అంటించి ఉందా, సెల్లార్‌లో బండి పెట్టడానికి ఎంతసేపు పట్టింది, ఇవన్నీ చూడండి. జిమ్ మీ ఇంటికి, ఆఫీసుకి మధ్య దారిలో ఉండాలి. గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి వెళ్లాల్సిన జిమ్ ఎంత బాగున్నా మూడు నాళ్ల ముచ్చటే.

సంతకానికి ముందు

మన ఉద్యోగాల్లో ఊరు మారడం, ఆన్‌సైట్ వెళ్లడం, లేఆఫ్ రావడం మామూలే. అందుకే ఫ్రీజ్ (సభ్యత్వాన్ని కొన్నాళ్లు ఆపుకోవడం) ఎన్ని రోజులు, సభ్యత్వం మరొకరికి బదిలీ చేయడానికి ఎంత, మధ్యలో ఆపితే ఎంత తిరిగి ఇస్తారు అనే మూడు ప్రశ్నలకు జవాబు ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో తీసుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు.

ఇంకా తెరవని జిమ్‌కి ప్రీ లాంచ్ ఆఫర్ పేరుతో ఏడాది డబ్బు కట్టకండి. పెద్ద పేరున్నా భరోసా లేదు. షేర్ మార్కెట్‌లో లిస్టయిన తల్వాల్కర్స్ గొలుసు కూడా 2019లో అప్పులు కట్టలేక చితికిపోయింది.

నో కాస్ట్ ఈఎంఐ దగ్గర మరింత జాగ్రత్త. అక్కడ మీరు సంతకం పెట్టేది అప్పు పత్రం మీద. జిమ్ మూతపడినంత మాత్రాన అప్పిచ్చిన సంస్థ వాయిదాలు ఆపదు. మీరు ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు హోమ్ లోన్ దగ్గర అది బయటపడుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్ సేవలపై జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 18,000 మీద 3,240 బదులు 900 రూపాయలే పడాలి. బిల్లులో ఆ లైన్ చూసుకోండి, బిల్లు దాచుకోండి. మోసం జరిగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఫీజు ఉండదు.

చేరిన వారంలోనే బాడీ కంపోజిషన్ ప్రింటవుట్ చూపించి పర్సనల్ ట్రైనింగ్ ప్యాకేజీ తీసుకోమంటారు. కొత్తవాళ్లకు పద్ధతి నేర్చుకోవడానికి కొన్ని సెషన్లు ఉపయోగమే. అంతవరకే కొనండి. బీపీ, సుగర్, నడుం నొప్పి ఉన్నవాళ్లు ట్రైనర్ కన్నా ముందు డాక్టర్‌ని కలవాలి.

నా మాట ఇది. పది టిక్కులు పడ్డాక మూడు నెలల ప్లాన్ తీసుకోండి. ఆ మూడు నెలల్లో ముప్పై రోజులు వెళ్లగలిగితే ఏడాది ప్లాన్‌కి మారండి, అప్పుడు అది దండగ కాదు. ఈ సోమవారం నుంచే మొదలుపెట్టండి. ఈ రాత్రికే ఆఖరన్న ఆఫర్ నాలుగు వారాల తర్వాత కూడా ఉంటుంది.