సైనిక రవాణా విమాన నష్టం: ఏఎన్‌-32 ఉదంతం – అవగాహన

నేపథ్యం

సోవియట్ సహకారం అనగానే అభ్యర్థులకు 1955 నాటి భిలాయి ఉక్కు ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న అక్కడ ప్రారంభమైన తొలి బ్లాస్ట్ ఫర్నేస్ గుర్తుకొస్తాయి. రక్షణ రంగంలో ఆ సహకారానికి ప్రతీకలు ఆంటోనోవ్ రవాణా విమానాలు. ఏఎన్‌-12 1961లో, ఏఎన్‌-32 1984లో భారత వైమానిక దళంలో చేరాయి. ఆంటోనోవ్ సంస్థ కేంద్రం కీవ్. అది నేటి ఉక్రెయిన్ రాజధాని. చాలామంది రష్యా అని రాసి మార్కు పోగొట్టుకుంటారు.

నిర్వచనం, వర్గీకరణ

శత్రు చర్య వల్ల విమానం కూలితే అది పోరాట నష్టం. 2014 జూన్ 14న తూర్పు ఉక్రెయిన్‌లోని లుహాన్‌స్క్ వద్ద కూల్చివేతకు గురైన ఐఎల్‌-76 ఇందుకు ఉదాహరణ. అందులోని 49 మందీ మరణించారు. వాతావరణం, యంత్రలోపం, మానవ తప్పిదం కారణమైతే అది పోరాటేతర నష్టం. యుద్ధకాలంలో జరిగినంత మాత్రాన ప్రతి నష్టమూ మొదటి వర్గంలోకి రాదు. 1942-45లో అస్సాం నుంచి చైనాకు సరుకులు చేరవేసిన 'హంప్' మార్గంలో వందలాది విమానాలు పోయాయి. అక్కడ శత్రువు కంటే మంచు, గాలులు, పర్వతాలే ఎక్కువ విమానాలను బలిగొన్నాయి.

2016 ఘటన

శాంతికాలపు నష్టాల్లో తెలుగువారు తప్పక తెలుసుకోవాల్సినది కె-2743 సంఖ్య గల ఏఎన్‌-32. 2016 జూలై 22 ఉదయం చెన్నై సమీపంలోని తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరి బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులో ఉన్నవారు 29 మంది. వారిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో సివిలియన్ ఉద్యోగులు. విశాఖ వెళ్లినవారికి ఎన్ఏడీ జంక్షన్ తెలిసే ఉంటుంది; ఆ పేరు ఈ డిపోదే. యూనిఫాం లేకపోయినా రక్షణ శాఖ పని మీదే వీరు ఆ విమానం ఎక్కారు. 'రక్షణ సిబ్బంది' అంటే సైనికులు మాత్రమే అనుకునేవారు ఈ ఎనిమిది మందిని గుర్తుంచుకోవాలి.

అన్వేషణ

నౌకలు, విమానాలు వారాల తరబడి వెదికినా ఫలితం దక్కలేదు. లోతే ప్రధాన అవరోధం. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. శకలాలు ఉన్న 3,400 మీటర్ల లోతులో అది దాదాపు 340 రెట్లు. అంత లోతుకు గజ ఈతగాళ్లు దిగలేరు. చెన్నైలోని జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థ మానవరహిత జలాంతర్గత వాహనాన్ని దించి, సోనార్ తరంగాలతో అడుగును పరిశీలించి, ఛాయాచిత్రాలు తీసింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో కనిపించిన శకలాలు ఏఎన్‌-32 నిర్మాణంతో సరిపోలాయని రక్షణ శాఖ 2024 జనవరి 12న ప్రకటించింది.

ప్రాధాన్యం

శకలాలు దొరకడం వేరు, కారణం తేలడం వేరు. 2024 ప్రకటన మొదటిదానికే పరిమితం. సాక్ష్య చట్టం ప్రకారం 7 ఏళ్లపాటు జాడ తెలియని వ్యక్తిని మరణించినట్లు భావించవచ్చు (1872 చట్టంలో 108వ సెక్షన్, భారతీయ సాక్ష్య అధినియమంలో 111). ఈ ఘటనలో మాత్రం అన్ని ఏళ్లు ఆగకుండా, 2016లోనే అందరూ మరణించినట్లు భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు. శకలాల జాడ ఆ కుటుంబాలకు చేరింది ఏడున్నరేళ్ల తర్వాత. ఇలాంటి సుదీర్ఘ నిరీక్షణ అంతకుముందూ ఉంది: 1968 ఫిబ్రవరి 7న 102 మందితో రోహ్‌తంగ్ ప్రాంతంలో అదృశ్యమైన ఏఎన్‌-12 శకలాలు 2003లో కనిపించాయి. అందులోని నలుగురి భౌతికకాయాలు 2024 సెప్టెంబరులో మంచులోంచి బయటపడ్డాయి.