ఉద్దేశకము, న్యాసము : లీలావతి లెక్కలలో చెప్పక విడిచిన అంశము

సంస్కృత గణితగ్రంథములలో సూత్రము వెంట వచ్చు లెక్కకు ఉద్దేశకమని పేరు. క్రీ.శ. 629లో మొదటి భాస్కరుడు ఆర్యభటీయమునకు రచించిన భాష్యమున ఈ బోధనక్రమము స్పష్టముగా కనబడును. మొదట సూత్రవ్యాఖ్య, పిమ్మట ఉద్దేశకము, దాని వెంట న్యాసము, ఆ పైని కరణము. ఉద్దేశకము లెక్కను చెప్పును. న్యాసము అందలి రాశులలో ఏది ఎచ్చట నుండవలెనో అచ్చట నిలుపును. కరణము ఫలమును సాధించును. 1150లో రెండవ భాస్కరుడు రచించిన లీలావతియందును శ్లోకమునకు, ఫలమునకు నడుమ న్యాసము గద్యరూపమున కలదు.

నేటి కళాశాలలలో అర్థశాస్త్రము, భౌతికశాస్త్రము, సాంఖ్యకశాస్త్రము, గణకశాస్త్రము వేరువేరు తరగతులలో బోధింపబడుచున్నవి. విద్యార్థి ఇంటికి తీసికొనిపోవు లెక్కలును వేరువేరు పుస్తకములలోనివే. లీలావతియందు వడ్డీ, భాగస్వాముల పంపకము, బంగారపు వన్నె, గోతుల కొలత, నెమలి గమనము, దీపపు నీడ అన్నియు ఒకే గ్రంథమున ఇమిడి, అందు పెక్కులు త్రైరాశికమను ఒకే సూత్రముపై నడచును. ఈ శ్లోకములను సాహిత్యవిద్యార్థులు వర్ణనకొరకును, ఛందస్సుకొరకును చదువుదురు. గణితవిద్యార్థులు వీని సారమును సమీకరణముగా మార్చుకొని శ్లోకమును విడుతురు. ఈ రెండు విధములందును జారిపోవునది న్యాసమే. శ్లోకము చెప్పక విడిచిన అంశమును తెలుపునదియు అదియే.

దీనికి తగిన నిదర్శనము మిశ్రవ్యవహారమందలి మొదటి వడ్డీలెక్క. నూటికి ఐదు చొప్పున ఒక సంవత్సరమునకు మూలధనము, వడ్డీ కలిసి వేయి అయినచో మూలమెంత, వడ్డీ ఎంత యని ప్రశ్న. నేటి వాణిజ్యవిద్యార్థి కీ లెక్కను ఇంటిపనిగా ఇచ్చినచో అతడు వేయిని 1.05 చేత భాగించి మూలము సుమారు 952.38 అనియు, వడ్డీ 47.62 అనియు వ్రాసికొని వచ్చును. గ్రంథమున ఫలము వేరు. మూలము 625, వడ్డీ 375. విద్యార్థి భాగహారమున తప్పలేదు. శ్లోకమున 'నెల' అను మాట లేకపోవుటయే చిక్కు. న్యాసమును చూచినచో ఒక ప్రక్క 1, 100, 5 అనియు, రెండవ ప్రక్క 12, 1000 అనియు నుండును. ఆ 1 అనునది ఒక నెల, 12 అనునవి పండ్రెండు నెలలు. నూటికి నెలకు ఐదు అనగా ఏటికి అరువది. మూలము నూరైనచో ఏడాదికి మిశ్రధనము 160 అగును. 160కి మూలము 100 అయినప్పుడు 1000కి మూలము 625.

నాటి పాఠకునకు నెల అను మాటను చెప్పనక్కరలేదు. శతమునకు ఇంత యనినచో మాసమునకే యని వ్యవహారము. ఈ వ్యవహారము తెలుగునాట నేటికిని నశింపలేదు. పల్లెలలో 'రెండు రూపాయల వడ్డీ' యనినచో నూటికి నెలకు రెండు రూపాయలని అర్థము, అనగా సాలుకు ఇరువదినాలుగు శాతము. బ్యాంకు కాగితములపై, పాఠ్యపుస్తకములలో కనబడు శాతము మాత్రము సాలుసరిది. ఇంట విన్నదొకటి, తరగతిలో వ్రాయునది వేరొకటి. లీలావతి లెక్కను సరిగా చేయుటకు కావలసిన సంకేతము రైతుబిడ్డకు ఇంటనే లభించియున్నది. దానిని లెక్కలోనికి తెచ్చుకొనవలెనని చెప్పువారు లేకపోవుటయే లోపము.

ఆ ఐదును ఇతరశాస్త్రములతో పోల్చి చూడవచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మస్థీయాధికరణమున, నూరు పణములకు నెలకు ఒకటింబాతిక ధర్మ్యమైన వడ్డీ. వర్తకులకు ఐదు. అరణ్యమార్గములలో పోవువారికి పది. సముద్రముపై పోవువారికి ఇరువది. ప్రమాదము పెరిగినకొలది వడ్డీ పెరుగుట ఇచ్చట స్పష్టము. నేటి అర్థశాస్త్రవిద్యార్థికి వేరుగా బోధింపబడు విషయమే ఇది. భాస్కరుని ఐదును, కౌటిల్యుని వర్తకవృద్ధియు ఒకటియే యగుట ఆసక్తి కలిగించును. అయినను దీనిని బట్టి పండ్రెండవ శతాబ్దిలో వడ్డీ నూటికి ఐదని నిశ్చయించుట సాహసము. ఆ ప్రకరణముననే తొంబదినాలుగు నిష్కములను మూడు భాగములు చేసి, నెలకు నూటికి ఐదు, మూడు, నాలుగు చొప్పున అప్పిడగా, క్రమముగా ఏడు, పది, ఐదు నెలలలో వడ్డీ సమానమైనదని మరియొక లెక్క కలదు. భాగములు 24, 28, 42. ఒక్కొక్కదాని వడ్డీ 8.4 నిష్కములు. భాగములు భిన్నములు లేక పూర్ణాంకములుగా తేలుటకే 94 అను సంఖ్య ఎన్నుకొనబడినదని చూచినంతనే తెలియును. లెక్కలోని సంఖ్య సూత్రమునకు ఊడిగము చేయునది. దానిని శాసనమందలి సంఖ్యతో సమానముగ ప్రమాణీకరింపరాదు. ఆర్థికచరిత్ర వ్రాయువారు ఈ భేదమును ఒక్కొక్కప్పుడు మరచుట కలదు.

51, 68, 85 పెట్టుబడులు గల ముగ్గురు వర్తకులు కూడి వ్యాపారము చేయగా మొత్తము 300 అయినచో ఎవరి కెంత యను లెక్క గణకశాస్త్రపు తరగతులలో నేటికిని పేరు మార్చుకొని తిరుగుచున్నది. ఫలము 75, 100, 125. ఇందు చెప్పక విడిచినది స్వల్పము, పంపకము పెట్టుబడినిబట్టియే యనునది మాత్రమే.

కథ మారినను న్యాసము మారదనుటకు తెలుగుననే మంచి సాక్ష్యము కలదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. దీనినే పావులూరి మల్లన తెలిగించెను. మూలమందలి జైనసంకేతములు గల ఉదాహరణములకు మారుగా మల్లన శైవసంకేతములను నిలిపెను. పూజలో దేవుడు మారెను, పువ్వుల లెక్క మారలేదు. అనువాదకుడు ఎచ్చట స్వతంత్రుడో, ఎచ్చట బద్ధుడో ఇంతకన్న స్పష్టముగ చూపు గ్రంథములు తెలుగున అరుదు. మల్లనను గూర్చిన చర్చ ఆయన కాలనిర్ణయముతోనే తరచు ముగియును. 1912లో మద్రాసున ఎం. రంగాచార్యులు ప్రకటించిన మూలమును ప్రక్కన నుంచుకొని, ఒక్కొక్క ఉదాహరణమున న్యాసము నిలిచెనా, మారెనా యని పరిశీలించుట పరిశోధకులకు అంతకంటె ఫలప్రదము.

కొన్నియెడల చెప్పక విడిచినది మానముల పట్టికలో నుండును. ఒక ద్రమ్మమునకు మూడువందల మామిడిపండ్లు, ఒక పణమునకు ముప్పది దానిమ్మపండ్లు వచ్చుచో పది మామిడిపండ్లకు ఎన్ని దానిమ్మలు? ద్రమ్మమును, పణమును ఒకటిగా తలచి లెక్కించినచో ఒక్క దానిమ్మ వచ్చును. గ్రంథారంభమున చెప్పిన పరిభాషలో పదునారు పణములు ఒక ద్రమ్మము. కావున ఫలము పదునారు. భౌతికశాస్త్రపు లెక్కలలో మీటర్లను, సెంటీమీటర్లను కలిపివేసి దెబ్బతిను విద్యార్థియు చేయు తప్పు ఇదియే.

సాంఖ్యకశాస్త్రమున మొదట నేర్పు సగటునకు లీలావతిలో రెండు రూపములు కలవు. 13 వన్నెల బంగారము 10 మాషములు, 12 వన్నెలది 4, 11 వన్నెలది 2, 10 వన్నెలది 4 మాషములు కలిపి కరగించినచో వన్నె ఎంత? నాలుగు వన్నెలను కూడి నాలుగుచే భాగించినవానికి పదునొకండున్నర వచ్చును, అది తప్పు. తూకముతో గుణించి కూడగా 240. దానిని మొత్తము తూకమైన 20 చేత భాగింపగా 12. నేడు భారిత సగటు అనబడునది ఇదియే. కంసాలికి ఇది సూత్రము చదువక తెలిసిన విషయము. న్యాసమున వన్నె క్రింద తూకమును నిలుపుటవలన విద్యార్థికి రెండును జంటలుగా కనబడును.

రెండవది గోతి కొలత. ప్రక్కలు వంకరగా నుండుటచే పొడవు మూడుచోట్ల 10, 11, 12 హస్తములుగను, వెడల్పు 6, 5, 7గను, లోతు 2, 4, 3గను వచ్చినది. సగటులు 11, 6, 3. ఘనఫలము 198. దీనిపై 1545లో బుద్ధివిలాసినీవ్యాఖ్యను రచించిన గణేశదైవజ్ఞుడు ఎన్ని ఎక్కువచోట్ల కొలిచిన సగటు అంత సత్యమునకు దగ్గరగును, లెక్కయు అంత సూక్ష్మమగునను భావమును చెప్పెను. మూలమున మూడు చోట్లే. ఆ మూడు ఎందుకు చాలునో, ఎందుకు చాలవో వ్యాఖ్యాత ఆలోచించెను. కొలతల సంఖ్య పెరిగినచో అంచనా మెరుగగునను సాంఖ్యకభావమునకు ఇంత సూటియైన ప్రకటన సంస్కృతవ్యాఖ్యలలో కలదని సాంఖ్యకము చదువు విద్యార్థికి తెలియజేయుట ప్రాచ్యకళాశాల అధ్యాపకులు చేయదగిన పని.

ఇక నెమలి, పాము. తొమ్మిది హస్తముల స్తంభముపై నెమలి యున్నది. స్తంభము మొదట పాము కన్నము. ఇరువదియేడు హస్తముల దూరమునుండి పాము కన్నమువైపు వచ్చుచుండగా నెమలి చూచి ఏటవాలుగా దానిపై పడినది. రెండింటి గమనము సమానము. కన్నమునకు ఎంత దూరమున కలిసికొనును? ఫలము పండ్రెండు హస్తములు. పాము నడచినది పదునైదు, నెమలి ఎగిరినదియు పదునైదు. గమనసామ్యమును శ్లోకమే చెప్పినది. చెప్పనిది వేరొకటి. నెమలి పాము ఉన్న చోటునకు గాక, పాము రాబోవు చోటునకు సరళరేఖలో ఎగిరినది. క్షణక్షణము పామునే చూచుచు దానివైపే ఎగురు నెమలి మార్గము వంకర తిరుగును. అప్పుడు భుజకోటికర్ణములు పనికిరావు. అంతేకాదు, సమవేగమే యైనచో అట్టి నెమలి పామును ఎన్నటికిని అందుకొనజాలదు, ఇంచుమించు ముక్కాలు హస్తము వెనుకబడియే యుండును. కావున భాస్కరుని నెమలి గణితము తెలిసిన నెమలి. ఇది హాస్యమునకు చెప్పినది కాదు. భౌతికశాస్త్రపు లెక్కలలో 'ఘర్షణ లేదని భావింపుము' అను వాక్యము చేయు పనినే ఇచ్చట న్యాసము చేయుచున్నది. కోటి 9, పాము దూరము 27 అని నిలిపి భుజకోటికర్ణసూత్రమునకు ఒప్పగించుటతో మార్గము సరళరేఖయే యని నిర్ణయమైపోవుచున్నది.

అన్ని లెక్కలును ఇట్లు కుదిరిపోవు. వ్యస్తత్రైరాశికమునకు భాస్కరుడు చెప్పిన విషయములలో ప్రాణుల వయస్సునుబట్టి వెల ఒకటి. ఉదాహరణము దాసీవిక్రయము. పదునారేండ్ల దాసి వెల 32 నిష్కములైనచో ఇరువదేండ్ల దాసి వెల ఎంత? ఫలము 25 నిష్కములు, నిష్కమున ఐదింట మూడు పాళ్లు. తరగతిలో ఈ లెక్కను దాటవేయుటయో, దాసి యను మాటను వస్తువుగా మార్చి చెప్పుటయో జరుగుచుండును. రెండును ఉచితములు కావు. మనుష్యుల వెల కట్టి అమ్మిన వ్యవస్థను గ్రంథకర్త సహజమని తలచి లెక్కలో పెట్టెను. దానిని దాచినచో గ్రంథమును తప్పుగా చదివినట్లే.

గణితదృష్టితో చూచినను ఈ లెక్క నిలువదు. వయస్సును వెలచే గుణించినచో 512. ఈ గుణఫలము స్థిరమనుటయే వ్యస్తత్రైరాశికము. అయినచో ఎనిమిదేండ్ల పిల్ల వెల 64, ఏడాది శిశువు వెల 512 నిష్కములు కావలెను. ఏ విక్రేతయు, ఏ క్రేతయు అంగీకరింపని ఫలమిది. దీని వెంటనే వచ్చు ఎద్దు లెక్కలో గణించునది వయస్సు గాక కాడి మోసిన ఏండ్లు. రెండేండ్లు మోసిన ఎద్దు వెల 4 నిష్కములైనచో ఆరేండ్లు మోసినది ఒకటిన్ని మూడవవంతు. శ్రమచే ఎద్దు అరుగుట నిజము కనుక ఇది కొంత పొసగును. కాని ఇంకను కాడి కట్టని కోడెను ఆ న్యాసమున నిలిపినచో సున్నతో భాగింపవలసివచ్చును.

ఇచ్చట న్యాసము కూడ ఒక అంశమును చెప్పక విడిచినది. సూత్రము ఏ వయస్సునుండి ఏ వయస్సు వరకు చెల్లునో అందు లేదు. ఎద్దు లెక్కను ఇంటిపనిగా ఇచ్చునప్పుడు రెండు, ఆరు ఏండ్లతో ఆగక, ఒకటి, అర, సున్న ఏండ్లకును వెల కట్టి తెమ్మనవలెను. సున్న వద్ద విద్యార్థి ఆగిపోవును. ఆ ఆగిన చోట అతడు వ్రాసికొనివచ్చు వాక్యమును బట్టి మార్కులు వేయవచ్చును.