కొట్టం కట్టే ముందు అలుగును చూడండి
(పాల సంఘాల సభ్యులకు పాఠం)



వేసవిలో ఏ చెరువు లోపలి అంచుకు వెళ్ళినా ముచ్చటగా ఉంటుంది. నీరు దిగిపోయి నేల ఆరి ఉంటుంది. పక్కనే పచ్చగడ్డి, గేదెలు పొర్లడానికి మడుగు. "ఇక్కడే కొట్టం వేసుకుంటే మేతకు మేత, నీళ్ళకు నీళ్ళు" అని రైతుకు అనిపిస్తుంది. పాల సేకరణ కేంద్రానికి చవకగా జాగా దొరికిందని సంఘం వారికీ అనిపిస్తుంది. కాని ఆ జాగాకు అసలు యజమాని నీరు. ఏడాదిలో ఎనిమిది నెలలు రాకపోయినా, వచ్చిన రోజున అడగకుండా ఇంట్లోకి వస్తుంది.

ఇది మనకు తెలియని సంగతి కాదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మం వద్ద మున్నేరు 36 అడుగుల వరకు పొంగి ఒడ్డున ఉన్న కాలనీలను ముంచింది. అదే వానలకు నేలకొండపల్లి పక్క మండలమైన కూసుమంచిలో పాలేరు జలాశయం పొంగింది, సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. భద్రాచలం వైపు సభ్యులకు గోదావరి అనుభవం ఉండనే ఉన్నది. అక్కడ 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నీరు వచ్చింది. అయితే గోదావరికి 43, 48, 53 అడుగుల వద్ద మూడు హెచ్చరికలు ఉన్నాయి. పశువులను తోలుకుపోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. మన ఊరి వాగుకు, చెరువుకు అటువంటి హెచ్చరిక లేదు. అర్ధరాత్రి నీరు వస్తే గుంజకు కట్టిన గేదె ఈత తెలిసి కూడా మునిగిపోతుంది. కనుక కొట్టం ఎక్కడ కట్టాలన్నది పునాది తీసే ముందే తేల్చుకోవాలి.

చెరువు హద్దు ఎక్కడ?

చెరువు హద్దు అంటే ఈ రోజు నీరు ఉన్న అంచు కాదు. చెరువు నిండి, అలుగు మీదుగా నీరు పొర్లబోయే సమయంలో నీరు ఎంతవరకు పరచుకుంటుందో అదే హద్దు. దీనిని పూర్తి నీటిమట్టం అంటారు. కాగితాల మీద ఎఫ్.టి.ఎల్. అని రాస్తారు. నేలకొండపల్లి బాలసముద్రానికైనా, మీ ఊరి చిన్న కుంటకైనా లెక్క ఇదే.

దీనిని సుమారుగా మీరే చూసుకోవచ్చు. మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవెల్ పైపు ఉంటుంది కదా. అలుగు గోడ పైఅంచు నుండి మొదలుపెట్టి, గుంజలు పాతుకుంటూ ఆ మట్టాన్ని మీ జాగా దాకా తీసుకురండి. మీ నేల ఆ మట్టానికి కింద ఉంటే అది చెరువు లోపలే ఉన్నట్లు. అధికారికమైన హద్దు మాత్రం నీటిపారుదల శాఖ ఇంజనీరు చూపినదే.

చట్టం ఏమి చెబుతున్నది?

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నది, వాగు గర్భంలోను, చెరువు, కుంటల పూర్తి నీటిమట్టం లోపల, శిఖం భూముల్లోను ఏ కట్టడమూ కూడదు. బయట కూడా కొంత దూరం ఖాళీగా వదలాలి.

1. నది హద్దు నుండి: పట్టణ పరిధి బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు.
2. 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం నుండి: 30 మీటర్లు.
3. అంతకన్నా చిన్న చెరువు, కుంట నుండి: 9 మీటర్లు.
4. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, కాలువ నుండి: 9 మీటర్లు. అంతకన్నా చిన్నవాటి నుండి: 2 మీటర్లు.

ఈ నిబంధనలు పట్టణాలకు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధికి, మాస్టర్ ప్లాను ఉన్న గ్రామాలకు వర్తిస్తాయి. మీ గ్రామం అందులో ఉన్నదీ లేనిదీ పంచాయతీ కార్యదర్శిని అడగండి. లేకపోయినా ఈ కొలతలు పాటించడమే క్షేమం. కేంద్రం 2017లో చేసిన చిత్తడి నేలల నిబంధనలు మన చెరువులను కాపాడతాయని కొందరు అనుకుంటారు. సాగునీటి కోసం మనుషులు తవ్విన చెరువులను ఆ నిబంధనల నుండి మినహాయించారు. కనుక మన చెరువుకు పూర్తి నీటిమట్టమే రక్షణ.

"నా పేర పట్టా ఉన్నది కదా" అనేవారూ ఉంటారు. శిఖంలో పట్టా ఉన్నా అది నీరు దిగినప్పుడు సాగు చేసుకోవడానికే, కట్టుకోవడానికి కాదు. "ఏళ్ళ తరబడి ఉంటున్నాం, లక్షలు పోశాం" అన్న వాదన కూడా నిలవదు. పంజాబులో ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో ఈ మాటే తేల్చి చెప్పింది.

చట్టం దూరం వేరు, నీటి దూరం వేరు

చెరువు లోపలి అంచున నేల వాలు చాలా తక్కువ. 100 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్నదనుకుందాం. భారీ వానకు అలుగు మీద ఒక అడుగు ఎత్తున నీరు పారితే, పూర్తి నీటిమట్టం నుండి మరో 100 అడుగులు నీరు పరచుకుంటుంది. 30 మీటర్లంటే 98 అడుగులే. చిన్న కుంటకు వదిలే 9 మీటర్లు, అంటే 30 అడుగులు, నాలుగు అంగుళాల పొంగుకే మునుగుతాయి. కాబట్టి చట్టం చెప్పిన దూరం కనీసపు దూరమే. దానికి తోడు, ఊరి పెద్దలు చూసిన అతి పెద్ద వరద ఎక్కడి దాకా వచ్చిందో అడిగి, ఆ గుర్తుకు పైన కొట్టం వేసుకోండి.

వరద రాకపోయినా తడి నేల పాడికి మంచిది కాదు. గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి. పొదుగువాపు పెరుగుతుంది. చెరువు అంచు నత్తల వల్ల కార్జపు జలగ సోకుతుంది. పైగా పేడ నీరు చెరువులో కలిస్తే ఆ నీరే మళ్ళీ మన గేదెలు తాగాలి. అయితే అంచున ఉన్న మీ సొంత భూమిని వృథాగా వదలనక్కరలేదు. నీరు నిలిచినా తట్టుకునే పారాగడ్డి వేసుకోండి. నేపియర్ గడ్డి నిలవనీటికి ఆగదు, దానిని మెరకన వేయండి.

సంఘం చేయవలసినవి

1. పాల కేంద్రానికి స్థలం కొనే ముందు తహసీల్దారు కార్యాలయంలో పటం చూసి, అది శిఖం కాదని తేల్చుకుని, నీటిపారుదల శాఖ నుండి రాతపూర్వకంగా అభ్యంతరం లేదనిపించుకోండి. దాతలు ఉచితంగా ఇచ్చిన స్థలమైనా సరే.
2. శీతలీకరణ యంత్రాన్ని, విద్యుత్ మీటరును పెద్ద వరద గుర్తుకు పైన అమర్చండి.
3. తొలకరికి ముందే గొంతువాపు టీకాలు వేయించండి. పల్లంలో కొట్టాలున్న సభ్యుల జాబితా రాసి, పశువులను తోలుకుపోవలసిన మెరక స్థలాన్ని ముందే నిర్ణయించండి.
4. నీరు వస్తున్నదని తెలిసిన వెంటనే పలుపులు విప్పండి. సామాను సంగతి తరువాత.

వచ్చే సమావేశంలో చర్చించండి

మన చెరువు అలుగు ఎక్కడున్నది? దాని మట్టానికి కింద ఎందరి కొట్టాలున్నాయి? ఆ కొట్టాలను మార్చుకోవడానికి సంఘం ఏ సాయం చేయగలదు?

మూడవ ప్రశ్నకు జవాబు దొరికే వరకు సమావేశం ముగించవద్దని మనవి. పల్లాన కొట్టం కట్టుకున్నవారు తెలివి తక్కువవారు కారు, మెరకన జాగా లేనివారు. వారికి దారి చూపకుండా చట్టం చదివి వినిపించినందువల్ల ఒక్క గేదె కూడా బతకదు.