క్లోరిన్ చల్లితే సరిపోదు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పల్లె. తాగునీటి చెరువును కాలువ నీటితో నింపుతాం. చుట్టూ రొయ్యల చెరువులు పెరిగిపోయాయి. క్లోరిన్ కలిపితే చాలదా? – ఒక వార్డు సభ్యురాలు

జవాబు: చాలదమ్మా. క్లోరిన్ సూక్ష్మక్రిములను చంపుతుంది, అంతవరకే. ఉప్పు, పురుగుమందులు, నైట్రేట్లు దానికి లొంగవు. వాటిని చెరువులోకి రానివ్వకపోవడమే మార్గం.

చూసుకోవాల్సింది తూము దగ్గర. వేసవిలో కట్టేసిన కాలువను మళ్లీ వదిలినప్పుడు వచ్చే తొలినీరు అడుగున పేరుకున్న చెత్తంతా ఊడ్చుకొస్తుంది. ఆ నీటిని పోనివ్వండి, తేటపడ్డాకే తూము ఎత్తండి. తూముకు ఎగువన రొయ్యల చెరువుల మురుగు కాలువలో కలుస్తోందేమో కట్ట వెంట నడిచి చూడండి. కలుస్తుంటే ఫొటోలు తీసి, పంచాయతీ తీర్మానంతో జలవనరుల శాఖకు, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు పంపండి. నోటిమాట ఫిర్యాదులు ఎక్కడికీ పోవు! చెరువు చుట్టూ కంచె ఎలాగూ ఉండాలి. లేకుంటే గేదెలను కడిగేది ఆ చెరువులోనే మరి.

చివరి కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పసిపిల్లలకు పట్టకండి. కాచితే నైట్రేటు పోదు, ఇంకా చిక్కబడుతుంది.